తెప్ప నేర్పిన కాళ్ళు

మా నాన్న రింగులో పడిపోవడం నేను మొదటిసారి చూసింది మా ల్యాబ్‌లోనే. ఆయన్ని పడగొట్టే ఏర్పాటంతా చేసిందీ నేనే. దానికి ఒక నిమిషం నలభై సెకన్లు పట్టింది.

పడింది నిజంగా నాన్న కాదు లెండి. నాన్న ఆ సమయానికి వైజాగు పెద జాలారిపేటలో మా అరుగు మీద కూర్చుని, వణికే చేత్తో టీ గ్లాసు పట్టుకుని, సగం తాగి సగం లుంగీ మీద ఒలకబోసుకుంటూ ఉన్నాడు. పడింది ఆయన నీడ.

మైలపల్లి పోలారావు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. యాభై ఏళ్ళ కిందట హెవీవెయిట్‌లో ఆరేళ్ళు వరసగా దేశానికి ఛాంపియన్. పోర్టులో కళాసీగా బస్తాలు మోసిన మనిషి. ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ, బరువు ఎనభై ఎనిమిది కిలోలు. ఇప్పటి హెవీవెయిట్లు ఆరున్నర అడుగులు, నూట పది కిలోలు ఉంటున్నారు. వాళ్ళకు తిండి చూడ్డానికొకరు, నిద్ర చూడ్డానికొకరు. నాన్నకు తిండి చూసింది మా అమ్మ, నిద్ర చూసింది అలసట.

మా ల్యాబ్ బయట టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఇదే వాదన. పోలారావు ఇవాళ రింగులోకి దిగితే ఎన్ని రౌండ్లు నిలబడతాడు? ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని కుర్రాళ్ళు, ఆ రోజుల్లో మీరు పుట్టలేదు కనక బతికిపోయారని ముసలాళ్ళు. నేను ఆయన కూతుర్నని తెలిసి కూడా నా ఎదుటే అనేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. మనుషుల కదలికల మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన దాన్ని, తేల్చి పారేస్తాను అనుకున్నాను.

నేనూ, లెక్కలూ ప్రోగ్రాములూ చూసే ఫణీంద్రా కలిసి నాలుగేళ్ళు కష్టపడి చేసిన యంత్రమే ‘నీడ’. పాత ఫిల్ముల్లో ఒక మనిషి ఎలా అడుగేస్తాడో, ఎప్పుడు తల తప్పిస్తాడో, దెబ్బ తిన్నాక ఏం చేస్తాడో నేర్చుకుని, ఆ తీరునంతా రబ్బరు తొడుగు వేసిన ఒక యంత్రపు మనిషికి ఎక్కిస్తుంది. ఎదుటివాడు దాన్ని ఎంత గట్టిగానైనా కొట్టవచ్చు. దాని గుద్దుని మాత్రం మూడో వంతు బలానికి కట్టేశాం. రింగు నేల కింద పాదాల ఒత్తిడి కొలిచే పలకలు పరిచాం. ఎవరు ఏ కాలి మీద ఎంత బరువు వేశారో, ఎప్పుడు మార్చారో రెప్పపాటులో వందో వంతు వరకూ అది చెప్పేస్తుంది.

నీడ మీదికి మొదట దిగింది గొర్లె ధనుంజయ్. భీమిలి కుర్రాడు, ఇరవై మూడేళ్ళు, ఇవాళ దేశంలో ఉన్న హెవీవెయిట్లలో మొదటి ముగ్గురిలో ఒకడు. తొమ్మిదేళ్ళ వయసులో బీచ్ ఇసుకలో వాడికి ముఖానికి చేతులడ్డం పెట్టి గార్డు పట్టడం నేర్పింది నాన్నే. అందుకని వాడు నీడకు కూడా దండం పెట్టి మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒక లెఫ్ట్ హుక్ వేశాడు. నీడ కొయ్యదుంగలా వెల్లకిలా పడింది. వాడు భయపడిపోయి వంగి దాని కాళ్ళు తాకాడు.

టీ కొట్టు దగ్గర ఆ సాయంత్రం నేను టీ తాగలేదు.

ఇంటికొచ్చి ఆ వీడియో అమ్మకు చూపించాను. మా అమ్మ ఎర్రమ్మ చేపల గంప మోసి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి, ఎవరినైనా ఒకసారి చూస్తే చాలు, తూకం వేసేస్తుంది. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసింది.

“ఇదెవుడే? ఈడు మీ అయ్య కాడు,” అంది.

ఎలా కాదో చెప్పమన్నాను.

“ఊపేదీ? మీ అయ్య ఎప్పుడైనా అలా పాతిన రాటలాగ నిలబడ్డాడేటి? తెప్ప మీద నిలబడ్డట్టుండేవోడు. నాను ఆ ఊపు సూసే గదా మనువాడినాను.”

నేను పప్పులో కాలేసిన చోటు అదే. తొమ్మిదో ఏట నుంచీ నాన్న వాళ్ళ నాన్నతో తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళేవాడు. నాలుగు దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప, పట్టుకోవడానికి అంచు కూడా ఉండదు. దాని మీద నిలబడి వల లాగాలంటే ఒళ్ళంతా సన్నగా ఊగుతూనే ఉండాలి. నాన్న రింగులోనూ అలాగే ఊగేవాడు. ఆయన ఊగడం మొదలుపెడితే జనం ఈలలు వేసేవాళ్ళట. ఆ ఊపు ఆయన నుంచి శిష్యులకూ, వాళ్ళ నుంచి వాళ్ళ శిష్యులకూ పాకి, ఇవాళ మా ఊళ్ళో గ్లౌజులు తొడిగిన ప్రతివాడూ ఊగుతాడు. బయటివాళ్ళు దాన్ని వైజాగు వాటం అంటారు.

మర్నాడు ఫణీంద్రను నిలదీశాను. పాపం, అతను దాపరికం లేకుండా చెప్పాడు. నాన్న ఆస్పత్రి కాగితాలు చూశాడట, వణుకు జబ్బని ఉందట, ఫిల్ముల్లో మనిషి ఊగుతున్నాడు కనక అదీ జబ్బేననుకుని నీడలోంచి ఆ ఊపును తుడిచేశాడట. కర్నూలు మనిషి, తెప్పను ఫొటోలో తప్ప చూడలేదు. తిట్టబోయి ఆగిపోయాను. జాలారి పిల్లనయి ఉండి ఊపు లేని నాన్నను గుర్తుపట్టలేకపోయిన దాన్ని, ఇక అతన్ని ఏమని తిట్టను?

ఆ నెలంతా మా ప్రయోగశాల సముద్రం ఒడ్డుకు మారింది. మా చిన్నాన్న కొడుకులు అయిదుగురి పాదాల కింద తడవని పల్చటి పొరలు అంటించి, తెప్పల మీద నిలబెట్టి, ప్రతి ఊపూ కొలిచాం. అన్నీ దగ్గరగా చూడాలని ఫణీంద్ర కూడా ఎక్కాడు. మూడుసార్లు నీళ్ళలో పడ్డాడు. మూడోసారి మా అమ్మ గంప దించి మరీ నవ్వింది.

కొలిచిన కొద్దీ ఒక సంగతి తేలింది. తెప్ప ఊపు చీలమండ దగ్గర పుడుతుంది. అల వచ్చే ముందే పాదం సర్దుకుంటుంది, ఒళ్ళు తర్వాత కదులుతుంది. ఆస్పత్రి నుంచి తెప్పించిన లెక్కలు చూస్తే, తలకు దెబ్బలు తగిలి తూకం తప్పినవాడూ ఊగుతాడు కానీ, అది నడుము దగ్గర పుడుతుంది. ఒళ్ళు ముందు జారుతుంది, పాదం దాన్ని అందుకోవడానికి వెనక పరిగెడుతుంది. రెండింటికీ తేడా రెప్పపాటు కూడా లేదు. కంటితో చూస్తే రెండూ ఒకటే. యంత్రానికి నేర్పాం. తెప్ప ఊపుకు తెర మీద పచ్చ గీత, రెండో దానికి ఎర్ర గీత.

ఇక నాన్న పాత ఫిల్ములన్నీ మళ్ళీ వేశాం. డెబ్బై ఏడో ఏటిది, పచ్చ. డెబ్బై తొమ్మిది, నిండు పచ్చ. ఎనభై ఒకటిలో అక్కడక్కడా ఎరుపు. చివరిది ఎనభై రెండు ఫైనల్. మా ఇంట్లో గోడ నిండా ఉన్న ఫొటో ఆ ఫైనల్‌దే, కప్పు ఎత్తి పట్టుకుని నాన్న, చుట్టూ దండలు. ఆ పోటీ మూడో రౌండు మొదలయ్యేసరికి తెర మీద పచ్చ గీత లేదు.

ఫిల్ములో ఆ రౌండుకే ఈలలు ఎక్కువ. పోలన్న ఊగుతున్నాడు, ఇక అయిపోయింది అని ఎవరో అరవడం కూడా వినిపిస్తుంది. మా నాన్న మెదడు దెబ్బతిన్నదని కాళ్ళు చెప్పిన రోజున ఊరంతా కూర్చుని ఈలలు వేసింది. వేసినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. నేనింకా పుట్టలేదు, పుట్టి ఉంటే నేనూ వేసేదాన్నే. ఆ తర్వాత కూడా ఆయన రెండేళ్ళు ఆడాడు. ఆ రోజే ఎవరైనా ఆపి ఉంటే ఇవాళ టీ గ్లాసు ఆయన చేతిలో నిలిచేది. నాకు ఏడుపొచ్చింది. ఫణీంద్ర తెర కట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చేయను, కప్పు వెనక్కిచ్చి వస్తానా? ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న తనంతట తనే అడిగాడు. ఆయన మాట ఇప్పుడు నెమ్మది, ఒక్కో మాటకూ మధ్య గాలి పీల్చుకుంటాడు. ఒక్కోసారి ఎదురింటివాళ్ళ పేరు కూడా గుర్తురాదు.

“బొమ్మకి ఏ ఏడు కాళ్ళు ఇత్తన్నావే?”

డెబ్బై తొమ్మిదివని చెప్పాను.

“అయ్యే ఇయ్యి. ఎనభై రెండువి ఒద్దు,” అని మళ్ళీ చేప ముల్లు తీసుకోవడంలో పడ్డాడు.

రెండో పోటీ ఆదివారం ఉదయం పది గంటలకు పెట్టాం. ఈసారి బాక్సింగ్ సమాఖ్య నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. వచ్చే నెల ప్రపంచ పోటీలకు ఎంపిక ఉంది, ధనుంజయ్ ఎలా ఉన్నాడో ఇక్కడే చూసిపోదామని. టీ కొట్టు సాంతం తరలివచ్చి గోడల పొడవునా నిలబడింది. రింగు ఒక మూల, ధనుంజయ్ కార్నర్‌లో, వాడి కోచ్. నీడ కార్నర్‌లో, మర్యాదకని, నాన్నకు కుర్చీ వేశాం. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చాడు.

గంట మోగింది. నీడ ఊగింది. గోడ పక్క నుంచి ఒక ముసలాయన, వచ్చేశాడ్రా పోలన్న, అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఈసారి నీడ పడలేదు. ధనుంజయ్ చెయ్యి చాచి జాబ్ గుద్దు వేసిన చోట అది ఉండదు. వాడు హుక్ వేస్తే ఒక వేలెడు వెనక్కి తగ్గి, వాడి చెయ్యి దాటిపోగానే పొట్టలో రెండు గుద్దులు గుద్ది తప్పుకుంటుంది. మొదటి రౌండు నీడదే. రెండో రౌండులో ధనుంజయ్ తెలివి తెచ్చుకున్నాడు. పొడుగు చేతులతో దూరం నుంచే కొట్టడం మొదలుపెట్టాడు. నాన్న కాలంలో అంత పొడుగువాడు, అంత చురుకైనవాడు ఒక్కడూ లేడు. ఆ రౌండు వాడిది. నా మనసు రెండుగా చీలి, రెండు ముక్కలూ కేకలు వేస్తున్నాయి.

మూడో రౌండులో ధనుంజయ్ అందరికీ కనపడేలా ఊగడం మొదలుపెట్టాడు. వైజాగు వాటం. ఒకే మనిషి రెండు కాలాల్లో నిలబడి తనతో తనే ఆడుతున్నట్టుంది. ఈలలతో గది అదిరిపోయింది. వాడు నీడను రింగు తాళ్ళకు నొక్కేశాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే గెలుపు వాడిదే.

అప్పుడు నాన్న లేచి నిలబడి తువ్వాలు రింగులోకి విసిరాడు.

కార్నర్ నుంచి తువ్వాలు పడితే ఆ పక్షం ఓడినట్టే, ఆట ఆగిపోవాలి. అది నియమం. రిఫరీ ఆపేశాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత గోడల పొడవునా జాలి నిట్టూర్పు పాకింది. ముసలాయన మతి పోయి, దెబ్బలు తింటున్నది తనేనని భ్రమపడి, ఓటమి ఒప్పేసుకున్నాడని అందరూ అనుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. నేనూ అదే అనుకున్నాను. సిగ్గుతో పరిగెత్తుకెళ్ళి ఆయన భుజం పట్టుకుని, నాన్నా, అది బొమ్మ, నువ్వు కాదు, నీకేం కాలేదు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

నాన్న నా చెయ్యి తీసేశాడు.

“బొమ్మని నాకెరికే. నాకు కాదే... ఆ బాబుకి. ఆడి కాళ్ళు సూడు.”

నేను ఫణీంద్ర వైపు చూశాను. మేమిద్దరం నీడ గీతలే చూస్తూ కూర్చున్నాం. ధనుంజయ్ పాదాల లెక్క కూడా నేల రాస్తూనే ఉంది, దాన్ని తెర మీద వేసుకోవాలని మాకు తట్టనే లేదు. ఫణీంద్ర వేశాడు. మొదటి రౌండు పచ్చ. రెండో రౌండు చివర ఎరుపు మొదలైంది. మూడో రౌండంతా ఎరుపే. నీడ గుద్దు మూడో వంతు బలానికి మించదు, దానితో ఇలా కాదు. మా యంత్రం అంత లెక్క వేసి చెప్పినదాన్ని నాన్న కుర్చీలో కూర్చుని చూసేశాడు.

గదిలోవాళ్ళను బయటికి పంపించేశాక ధనుంజయ్ ఒప్పుకున్నాడు. పదిహేను రోజుల కిందట శిక్షణలో చెవి పైన పెద్ద దెబ్బ తగిలిందట. అప్పటి నుంచీ పొద్దున్నే తలనొప్పి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వస్తోందట. కోచ్‌కు కూడా చెప్పలేదు. చెబితే ఎంపిక పోతుందని. చెబుతూ చెబుతూ వాడికి కోపం వచ్చింది.

“గెలుస్తున్నాను కదా మాస్టారూ. ఇంకొక్క నిమిషం ఊరుకోలేకపోయారా? ఇప్పుడాగితే నాకింకేముంది?” అన్నాడు.

నాన్న వాడి ఎదురుగా కూర్చున్నాడు. గ్లౌజులు విప్పని వాడి చేతుల మీద తన వణికే చేతులు పెట్టాడు.

“ఎనభై రెండులో నానూ గెలిసేత్తన్నాను బాబూ. మూడో రౌండులో కాళ్ళు నా మాట ఇనలేదు. నాకు తెలిసింది. జనం ఈలలేత్తన్నారు, ఇంకెవులికి సెప్తాను?” ఆగి గాలి పీల్చుకున్నాడు. “మా కార్నర్లో తువ్వాలు ఉంది. ఇసిరినోడు లేడు.”

ధనుంజయ్ ఆ చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చాడు. పక్కన ఆ ఎర్ర గీత తెర మీద అలాగే ఉంది, నాకు దాన్ని తుడిచెయ్యాలనిపించింది. ఎనభై రెండు సంగతి ఇన్నేళ్ళుగా ఆ మనిషి ఒక్కడే మోశాడు. నేను దాస్తున్నాననుకున్నది ఆయన నాకంటే ముందు నుంచీ దాస్తున్నాడు.

డాక్టర్లు చూసి, సమయానికి పట్టుకున్నారని చెప్పారు. మెదడు కమిలింది కానీ చెడలేదు, ఏడాది పాటు తలకు చిన్న దెబ్బ కూడా తగలకూడదు, ఆ తర్వాత చూసి చెబుతామన్నారు. ఈ స్థితిలో ఎంపిక పోటీలో ఇంకో పెద్ద దెబ్బ పడి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారు. అది నేను రాయను.

పోటీ ఫలితం మాత్రం పుస్తకంలో నియమం ప్రకారమే రాశారు. తువ్వాలు పడింది నీడ కార్నర్ నుంచి కనక పోలారావు ఓడిపోయినట్టు, ధనుంజయ్ గెలిచినట్టు. మార్పించమంటారా అని సమాఖ్య పెద్దలు అడిగితే నాన్న వద్దన్నాడు. జీవితంలో ఎప్పుడూ కార్నర్ నుంచి ఆట విడవని మనిషి, ఆ ఒక్క ఓటమినీ మహా సంతోషంగా ఒప్పుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఇప్పుడు ఎవరైనా మీ అయ్య ఓడిపోయాడంట కదా అంటే, అవునని చెప్పి ఇంకో టీ చెప్పించుకుంటాను.

ధనుంజయ్‌కు ఆ ఏడాది అంత తేలిగ్గా గడవలేదు. వాడి స్థానంలో వేరేవాడు ప్రపంచ పోటీలకు వెళ్ళాడు. ఆ వారం వాడు గదిలోంచి బయటికి రాలేదు. మా అమ్మే చేపల పులుసు గిన్నె పట్టుకుని భీమిలి వెళ్ళి, నాలుగు చీవాట్లు పెట్టి లాక్కొచ్చింది. మర్నాటి నుంచీ తెల్లవారగానే వాణ్ణి మా చిన్నాన్న కొడుకుల తెప్ప ఎక్కించారు. నాన్న ఒడ్డున ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వాడు వైజాగు వాటం రింగులో నేర్చుకున్నవాడే కానీ, అప్పటిదాకా తెప్ప ఎక్కినవాడు కాదు. మొదటి నెలలో ఫణీంద్ర కంటే ఎక్కువసార్లు పడ్డాడు.

ఈలోగా నీడ యంత్రం పని మారిపోయింది. ఎవరు ఎవర్ని గెలుస్తారో చెప్పడానికి పుట్టిన దాని పలకల్ని ఊళ్ళోని మూడు జిమ్ముల్లో పరిచాం. బాక్సర్లు రోజూ వాటి మీద నిలబడి వెళతారు. ఇప్పటికి ఇద్దరి దగ్గర ఎర్ర గీత కనిపించింది, ఇద్దర్నీ ఆపాం. ఇద్దరూ నన్ను తిట్టారు. తిట్టనీ. తిట్టడానికి నోరు బాగుంది కదా.

పదిహేను నెలల తర్వాత డాక్టర్లు సరేనన్నారు. ధనుంజయ్ మళ్ళీ మొదలుపెట్టేది నీడతోనేనని పట్టుబట్టాడు. పాత లెక్క మిగిలిపోయిందట. మళ్ళీ ఒక ఆదివారం ఉదయం, మళ్ళీ గోడల పొడవునా టీ కొట్టు. నీడకు డెబ్బై తొమ్మిది కాళ్ళే. దాని కార్నర్‌లో ఈసారి ఫణీంద్రను కూర్చోబెట్టాం. నాన్న కర్ర పోటేసుకుంటూ నెమ్మదిగా రింగు చుట్టూ తిరిగి వెళ్ళి ఎదుటి కార్నర్‌లో, ధనుంజయ్ పక్కన, తన నీడకు ఎదురుగా కూర్చున్నాడు. ఎవరు గెలుస్తారని అడిగాను. మూడో రౌండు సూద్దారి అన్నాడు.

మొదటి రౌండు నీడది. రెండోది ధనుంజయ్‌ది. మూడో రౌండు గంట మోగింది. వాడు నడిమధ్యకు వచ్చి ఊగడం మొదలుపెట్టాడు. ఈలలు రాలేదు. గదిలో అందరూ వాడి పాదాలే చూస్తున్నారు. నేను తెర చూడాల్సిందాన్ని, చూడలేదు. నాన్ననే చూస్తున్నాను. ఆయన ముందుకు వంగి, కళ్ళు చికిలించి, చాలాసేపు వాడి చీలమండల మీదే దృష్టి పెట్టాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీశాడు.

నాన్న దానితో ముఖం తుడుచుకుని, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.